కింద దారం

"ఇవాళ ఈ గోడ సంగతో నా సంగతో తేలిపోవాలి!"

అంటూ బుజ్జమ్మ భర్త బీరువాకు భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. బీరువా కిర్రుమని మూలిగి జానెడు జరిగింది. దాని నెత్తి మీదున్న పాత సూట్‌కేసు దబ్బున కిందపడి, మూత తెరుచుకుని, ఎప్పటివో చలికోట్లు నేలంతా పరుచుకున్నాయి.

"కాస్త మెల్లిగా," అంది బుజ్జమ్మ.

"మెల్లిగానా? ఈ లోకంలో మెల్లిగా ఉండాల్సింది నేనొక్కణ్ణేనా? అటు చెప్పు ఆ మాట. ఆ మహాతల్లికి చెప్పు!"

అటు అంటే గోడకు అటు. మహాతల్లి అంటే ఇంకెవరో కాదు, బుజ్జమ్మ తోడబుట్టిన అక్క. ఆవిడ అప్పుడే కుట్టుమిషను ముందు కూర్చున్నట్టుంది, టకటకా మొదలైంది. దానికి తోడు రేడియో. ఒకప్పుడు గొణుగుతున్నట్టు వినిపించే ఆ రేడియో ఈమధ్య ఎదురుగా నిలబడి అరిచినంత పని చేస్తోంది.

"ఒరేయ్, ఆ పాట అయ్యేదాకా ఆగరా నాయనా," అంది కిటికీ పక్క మంచం మీద నుంచి అత్తగారు. "మంచి చరణంలో ఉంది."

"అమ్మా! నా నిద్ర పోయి నేనేడుస్తుంటే నీకు చరణాలు కావలసొచ్చాయా?"

"నా పొద్దు పోవద్దూ మరి? మనింట్లో రేడియో నువ్వే కదరా అమ్మేశావు, చప్పుడు పడదని."

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బుజ్జమ్మకు నవ్వొచ్చింది గానీ, ఆ కళ్లు చూసి నవ్వలేకపోయింది. ఎర్రగా, చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా బస్సు నడిపి తెల్లారాక ఇల్లు చేరే మనిషికి పగలే కదా రాత్రి. ఆ పగలంతా గోడ అవతల మిషను తొక్కుడు. నిద్ర పట్టడం, ఉలిక్కిపడి లేవడం, మళ్లీ దొర్లడం. మొన్న వంతెన మీద ఒక్క రెప్పపాటు కన్ను మూతపడింది. కండక్టరు వెర్రికేక పెట్టబట్టి సరిపోయింది, లేకపోతే బస్సు రెయిలింగును గీరుకుంటూ వెళ్లడంతో ఆగేది కాదు. డిపోలో పెద్దాయన తిట్టలేదు. ఇంకోసారి ఇలా జరిగితే బండి ఇవ్వనని మాత్రం చెప్పాడు. అంతకంటే ఏం తిట్టాలి?

చెయ్యని వైద్యం లేదు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. కిటికీలకే కాదు, గోడకు కూడా దుప్పట్ల లాంటి తెరలు వేలాడదీశాడు. డిపోలో ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడని గుడ్ల అట్టలు మోసుకొచ్చి గోడంతా అంటించాడు. చప్పుడు పిసరంత కూడా తగ్గలేదు. ఆ అట్టల గుంటల్లో బొద్దింకలు కాపురాలు పెట్టాయి, మెట్ల మీద కనపడ్డవాళ్లల్లా 'గుడ్లాయనా, బాగున్నారా' అని పలకరించడం మొదలుపెట్టారు.

అందుకే ఇవాళ సెలవు పెట్టి మరీ గోడల డాక్టర్ని పిలిపించాడు.

గోడల డాక్టరంటే నిజం డాక్టరేం కాదు. గదుల్లోకి చప్పుడు రాకుండా అడ్డుగోడలు కట్టే మేస్త్రీ. ఆ పేరు ఆయనకు ఆయనే పెట్టుకున్నాడు. వచ్చీ రాగానే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, గోడను వేళ్లతో టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఊపిరి గట్టిగా పీల్చు" అన్నట్టు మొహం పెట్టాడు.

"గుడ్ల అట్టలు ఎవరు పెట్టమన్నారు సార్?"

"అది వదిలేయవయ్యా."

"వదిలేశాను. ఇక్కడ గోడ బాగానే ఉంది సార్, దిట్టంగా ఉంది. ఇదిగో, ఈ బీరువా వెనకే ఉంది రోగమంతా. ఇక్కడ కొడితే డొల్ల పలుకుతోంది. ఏముంది దీని వెనక?"

ఆయన బుజ్జమ్మ వైపు చూశాడు. బుజ్జమ్మ చలికోట్లు మడత పెట్టడానికి వంగింది.

"తలుపు," అంది అత్తగారు, ఎవరూ చెప్పేట్టు లేరని. "ఒకప్పుడు ఇదంతా ఒకే ఇల్లు నాయనా. మా కోడలి వాళ్లమ్మది. కూతుళ్లిద్దరికీ చెరి సగం చేసి, మధ్యలో తలుపు ఉంచింది, రాకపోకలు ఉండాలని."

"మరి దాని మీద ఈ చెక్కెందుకు కొట్టారండీ?"

దానికి మాత్రం అత్తగారు కూడా దుప్పటి సర్దుకోవడంలో పడింది. అటు రేడియోలో పాట అయిపోయి, ఎవరో వాతావరణం గురించి అరవడం మొదలుపెట్టారు.

బీరువా పూర్తిగా పక్కకు జరిపాక చెక్క ఊడదీయడానికి ఎంతోసేపు పట్టలేదు. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. చెక్క పక్కకు జరగగానే తలుపు కనపడింది. అదే ఆకుపచ్చ రంగు, అదే గడియ. కింద మూలన, చిన్నప్పుడు బుజ్జమ్మ సుద్దముక్కతో గీసిన పిల్లి బొమ్మ మీసాలు మాత్రం మిగిలాయి. మిషను చప్పుడు ఒక్కసారిగా గదిలోకి వచ్చేసినట్టయింది.

"చూశారా సార్! తలుపు కింద వేలు దూరేంత సందు. గాలి పోయే చోటల్లా చప్పుడూ పోతుంది. ఇలా ఉంచి ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే. తలుపు, చట్రం రెండూ పీకేసి ఇటుకలు కట్టేద్దాం. దాని ముందు గోడకు తగలకుండా ఇనప చట్రం, కింద రబ్బరు పట్టీ, లోపల చప్పుడు పీల్చే దళసరి ఊలు పలకలు, పైన రెండు వరసల బోర్డు. అంచులన్నీ మూసేస్తాను. ఆ తరవాత అటు డప్పులు వాయించినా మీరు హాయిగా గుర్రు పెట్టొచ్చు."

"అదే కావాలి. మొదలుపెట్టు."

"తలుపు పీకాలంటే అవతలివాళ్లకు ఒక మాట చెప్పాలి సార్."

"చెప్పకపోవడమేంటి? మొన్న నేనే వెళ్లాను. బెల్లు కొట్టీ కొట్టీ నా వేలు అరిగింది. లోపల రేడియో మోగుతూనే ఉంది, మిషను ఆడుతూనే ఉంది. తలుపు తీస్తేనా! చివరికి చీటీ రాసి తలుపు కింద తోసి వచ్చాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు. అంటే ఏంటి? ఏం చేసుకుంటావో చేసుకో పొమ్మనేగా?"

"తలుపు మాత్రం తీయొద్దు," అంది బుజ్జమ్మ.

గొంతు చిన్నదే గానీ అందరూ ఇటు తిరిగారు.

"ఏమిటీ?"

"దాని ముందు బోర్డులు కొట్టించుకోండి. ఎన్ని వరసలు కావాలంటే అన్ని కొట్టించుకోండి. తలుపు తీసి ఇటుకలు మాత్రం పెట్టొద్దు."

"విన్నావుగా ఆయనేం చెప్పాడో. తలుపుంటే దండగట!"

"దండగైతే కానీయండి."

గోడల డాక్టరు పరిస్థితి కనిపెట్టి, "ఇటుకలు కింద బండిలో ఉన్నాయి సార్, దింపుకుని వస్తా. మీరు మాట్లాడుకోండి," అని నెమ్మదిగా జారుకున్నాడు. జారుకుంటూ జారుకుంటూ అత్తగారిచ్చిన టీ మాత్రం తాగే వెళ్లాడు.

ఆయన మంచం మీద కూలబడ్డాడు. కోపం అరిచినంతసేపు లేదు. పాపం, అరవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"బుజ్జమ్మా, నిజం చెప్పు. ఆ తలుపు మీద నీకెందుకంత మమకారం? గడియ పెట్టింది నువ్వు. చెక్క కొట్టమని నన్ను నిలబెట్టింది నువ్వు. అమ్మ పిలిస్తే వినపడనట్టు కూర్చుందని నలుగురిలో అన్నది నువ్వు. నేనన్నానా?"

బుజ్జమ్మ మడత పెట్టిన కోటునే మళ్లీ విప్పి మడత పెట్టింది.

అన్నది. అందరూ కూర్చుని ఉండగా అన్నది. అమ్మ అప్పుడు అక్క దగ్గరే ఉండేది. మంచినీళ్లకని పిలిచింది, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఇవతల వంటింట్లో ఉన్న బుజ్జమ్మకు వినపడింది. పక్కగదిలోనే మిషను ముందున్న అక్కకు వినపడలేదట! చేతిలో గరిట అలాగే పట్టుకుని పరిగెత్తేసరికే అమ్మ తనంతట తను లేవబోయి పడిపోయి ఉంది. ఆ తరవాత ఆ మంచం మళ్లీ దిగలేదు. అంతా అయ్యాక బుజ్జమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. 'వినపడలేదా, వినబుద్ధి కాలేదా?' అని అడిగింది. అక్క ఒక్క మాట తిరిగి అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే ఈ గడియ పడింది.

"చెప్పు మరి," అన్నాడు ఆయన.

"ఆ చప్పుడు లేకపోతే నేనుండలేను."

అనేసింది. అనేశాక తనకే భయం వేసింది. అత్తగారు పక్కకు తిరిగి గోడవైపు పడుకుంది, నిద్ర నటిస్తే మాటలు బాగా వినపడతాయని ఆవిడ నమ్మకం.

"ఏ చప్పుడు? నన్ను చంపుతున్న ఆ చప్పుడా?"

"నేను హుక్కులు, కాజాలు కుట్టడానికి ఆ బీరువాకు వీపు ఆనించే ఎందుకు కూర్చుంటాననుకున్నారు? వెలుతురు కిటికీ దగ్గర ఉంటే? అటు అక్క తొక్కుతుంటుంది, ఇటు నేను సూది దించుతుంటాను. చిన్న చిన్న పరుగులైతే జాకెట్టు చేతులు. ఆగకుండా పోతే కిటికీ తెర. మధ్యమధ్య ఆగి మళ్లీ అందుకుంటే ఏ పసిదాని గౌనుకో కుచ్చులు పెడుతున్నట్టు. పొద్దున్నే మొదలుపెట్టకపోతే జ్వరమేమో అని నా ప్రాణం కొట్టుకుంటుంది. మిషను మొదలైతే గానీ నాకు ముద్ద దిగదు. మాట లేదు, మంచీ చెడూ లేదు. నాకు మిగిలిన అక్క ఆ చప్పుడే. దాన్ని కూడా మూసేస్తే నాకేముందండీ?"

ఆయన, "ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదే," అన్నాడు.

"ఏమని చెప్పను? మీకు నిద్ర లేదు. నాకేమో అదే ఆధారం. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మొన్న బస్సులో ముందు సీట్లో ఒక తల్లి, ఒళ్లో బిడ్డ. రెయిలింగు గీరుకున్నప్పుడు ఆ బిడ్డ లేవనైనా లేదు. హాయిగా నిద్రపోతోంది. నన్ను నమ్మి." ఆయన అరచేతులతో కళ్లు రుద్దుకున్నాడు. "కళ్లు మూసుకుంటే ఆ బిడ్డ మొహమే కనపడుతోంది బుజ్జమ్మా. నీ అక్కను నీకు కాకుండా చెయ్యాలని నాకేం సరదానా?"

బుజ్జమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈయన అరుస్తుంటే ఎదిరించడం తేలిక. ఇలా మాట్లాడితే ఎలా?

"సరే," అంది కళ్లు తుడుచుకుని. "కట్టించండి."

"నిజంగా?"

"నిజంగానే. కాకపోతే ఆ ఇటుకలు పైకి వచ్చేదాకా నన్నక్కడ కూర్చోనివ్వండి."

ఆయన తలూపాడు. అలాగే మంచం పట్టెకు తల ఆనించాడు. బుజ్జమ్మ వెళ్లి తలుపు పక్కన నేల మీద చతికిలబడి, చెంప తలుపుకు ఆనించింది. మీసాలు మాత్రమే మిగిలిన పిల్లి పక్కనే ఉంది.

టకటకటకటక. ఆగకుండా పోతోంది. కిటికీ తెర. దళసరి గుడ్డ, మిషను కాస్త ఆయాసపడుతోంది.

చిన్నప్పుడు బుజ్జమ్మ స్థానం మిషను కిందే. తొక్కుడు బల్లకు అవతల, గోడ వారగా కూర్చుని, మిషను అడుగున పెట్టే బుల్లి కండెలకు, అంటే బాబిన్లకు, దారం చుడుతుండేది. అక్క కుట్టేటప్పుడు గుడ్డ మీద పడి లోకం మరిచిపోతుంది. కింద బాబిన్‌లో దారం అయిపోయినా గమనించదు. పై దారం గుడ్డ మీద తిన్నగా కుట్టులాగే పడుతుంటుంది, అక్క అలా తొక్కుతూ మూరలకు మూరలు పోతుంది, తీరా పైకెత్తితే దారం మొత్తం ఊడి చేతికొస్తుంది. బుజ్జమ్మకు మాత్రం చెవికి తెలిసిపోయేది. కింద దారం లేకపోతే మిషను తేలికగా, బోలుగా మోగుతుంది. వెంటనే అరిచేది, 'అక్కా, కింద దారం అయిపోయింది!' అని. అక్క నవ్వుతూ చక్రం మీద చెయ్యి వేసి ఆపేది. 'నాకు చెవులెందుకే, నువ్వున్నావుగా' అనేది.

ఎన్నాళ్లయింది ఆ నవ్వు విని!

బుజ్జమ్మ కళ్లు మూసుకుంది. టకటకటక. తెర పెద్దదే అయి ఉంటుంది. ఇంకాస్త పెద్దదైతే బాగుండు, ఇటుకలు మోసేవాడు మెట్ల మీద ఇంకాస్త ఆయాసపడితే బాగుండు అనుకుంది.

ఉన్నట్టుండి చప్పుడు మారింది.

ఇంకెవరికీ తెలిసేది కాదు. బుజ్జమ్మకు తెలిసింది. తేలికగా, బోలుగా. కింద దారం అయిపోయింది. ఇప్పుడు ఆపుతుందిలే అనుకుంది. ఆపలేదు. గుడ్డ చివరికంటా పోయేట్టుంది.

"అక్కా," అంది, పెదాల మీదే.

ఆపలేదు.

"అక్కా, కింద దారం అయిపోయింది."

ఈసారి కాస్త పైకే వచ్చింది. ఇన్నేళ్ల తరవాత అక్కతో అన్న మొదటి మాట అది. మిషను మాత్రం ఆగలేదు, పరుగైనా తగ్గలేదు. పంతమా అక్కా, ఇంకా? దారం పాడైనా సరే నా మాట వినవా?

"అక్కా! కింద దారం అయిపోయిందే!"

ఇల్లంతా అదిరేలా అరిచింది. మంచం దగ్గర ఆయన ఉలిక్కిపడి లేచి, "ఏమైంది? ఎవరు?" అన్నాడు. అత్తగారు లేచి కూర్చుంది. మెట్ల మీద గోడల డాక్టరు ఇటుకలతో సహా ఆగిపోయాడు. కింద సందులోంచి వేలు దూరుతుందట, గాలి పోతే చప్పుడూ పోతుందట. ఇంత కేక పోదా?

మిషను పోతూనే ఉంది. తేలికగా, బోలుగా.

పంతం పట్టిన మనిషి కాలు ఒక్క క్షణమైనా తడబడుతుంది. ఇది తడబడలేదు.

బుజ్జమ్మకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నెలనెలకూ పెరుగుతున్న రేడియో. కొట్టీ కొట్టీ ఈయన వేలు అరిగిన బెల్లు. అటు మోగీ మోగీ ఆగిపోయే ఫోను. మొన్నామధ్య అక్క పొయ్యి మీద కుక్కరు ఈల మీద ఈల వేసి, ఇటు మాడు వాసన వచ్చేదాకా ఎవరూ కట్టెయ్యకపోవడం. అప్పుడు తనేమనుకుంది? 'ఇంత నిర్లక్ష్యమేంటో ఈ మనిషికి' అనుకుంది. చప్పుడు వినే గదా రోజంతా కూర్చుంది తను! ఆ చప్పుడంతా ఏం చెబుతోందో ఒక్కనాడైనా విన్నదా?

మరి అమ్మ పిలిచిన రోజు?

"ఏవండీ," అంది. ఆ గొంతు తనది కాదనిపించింది. "అక్కకు వినపడదు."

"ఏంటి?"

"వినపడదండీ. ఇప్పుడే కాదు. అప్పుడు కూడా వినపడలేదు. నిజంగానే వినపడలేదు."

అత్తగారు చేత్తో నోరు మూసుకుంది.

బుజ్జమ్మ గడియ మీద చెయ్యి వేసింది. తుప్పు పట్టి కదల్లేదు. రెండు చేతులతో పట్టి లాగింది. వేలు చీరుకుపోయింది, గడియ ఊడి వచ్చింది. అటువైపు కూడా గడియ ఉంటుందని గుర్తుకొచ్చింది. అటు కూడా పెట్టే ఉంటుంది. ఎందుకు పెట్టదు? అన్ని మాటలు పడ్డ మనిషి!

అయినా భుజం ఆనించి తోసింది.

తలుపు కదిలింది. అటు గడియ పెట్టి లేదు. బెత్తెడు తెరుచుకుని దేనికో తగిలి ఆగింది. బలంగా, బరువుగా ఉన్న వస్తువు. మళ్లీ తోస్తే ఆ వస్తువు కూడా గడగడా కదిలింది. సందులోంచి చూసింది బుజ్జమ్మ.

మిషను బల్ల.

అంత ఇల్లుంది అటు. కిటికీలున్న గదులు రెండున్నాయి, కుట్టేవాళ్లకు వెలుతురు ముఖ్యం. అవన్నీ వదిలేసి, అక్క తన మిషన్ని తెచ్చి, ఈ చీకటి మూలలో, ఈ తలుపుకు ఆనించి వేసుకుంది.

చేతి కింద బల్ల కదిలేసరికి మిషను టక్కున ఆగింది. అంత చప్పుడూ ఆగిపోయేసరికి రేడియో ఒక్కటే మిగిలింది. నెరిసిన తల పైకి లేచింది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అక్క ముందు తలుపు వైపు, తరవాత సందులోని మొహం వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు. గుడ్డను పైకెత్తి చూసింది. పై దారం మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది.

"దారం అయిపోయిందా?" అంది.

పక్కనున్న మనిషితో కాక, వీధి చివర ఉన్న మనిషితో అన్నట్టు గట్టిగా అంది. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని మనిషి అడిగినట్టు.

బుజ్జమ్మకు చెప్పాల్సినవి కొండంత ఉన్నాయి.

"అయిపోయిందక్కా," అంది ఏడుస్తూ. "నన్ను క్షమించు."

అక్క సందు దగ్గరికి వంగింది. ఆ కళ్లు బుజ్జమ్మ కళ్లను చూడటం లేదు, పెదాలను వెతుకుతున్నాయి. కానీ ఆ పెదాలు ఏడుపుకు వంకర్లు పోతున్నాయి.

వెనక గుమ్మంలో గోడల డాక్టరు ఇటుకలు దించి, "సార్, కట్టమంటారా?" అన్నాడు.

అక్క చెయ్యి చెవి వెనక పెట్టుకుంది.

"ఏమిటే బుజ్జీ? కాస్త గట్టిగా చెప్పు."